వెనక్కి చూడని మనుషులు

మా తమ్ముడు బాబ్జీని కన్నకూతురు తేజస్విని "అండీ" అనేది. "మంచినీళ్ళు కావాలండీ." "ఇంక వెళ్దామాండీ." తొమ్మిదేళ్ళ పిల్ల. పరాయివాళ్ళతో ఎలా మాట్లాడాలో బాగానే నేర్పారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. వాడికి మాత్రం ముఖం చిన్నబోయేది.

తమ్ముడూ మరదలూ విడిపోయాక కోర్టు మాకు ఆదివారాలు ఇచ్చింది. మాధవీలత గుడివాడ నుంచి పిల్లను తెచ్చి బందరు బస్టాండులో అప్పగిస్తుంది, మధ్యాహ్నం వచ్చి తీసుకుపోతుంది. నాన్న దగ్గరికి వెళ్తావా అని తర్వాతి వాయిదాలో జడ్జిగారు పిల్లనే అడుగుతారట. వెళ్ళనంటే ఆ ఆదివారాలూ పోతాయి. వాయిదాకి ముందు మాకు మిగిలింది ఈ ఒక్క ఆదివారమే.

ఆ పొద్దున మంచు దట్టంగా కురిసింది. బస్టాండు నుంచి ఆటోలో మా గిలకలదిండి రేవుకి వెళ్తుంటే రోడ్డు లేదు, ఊరు లేదు. మేం ముగ్గురమే ఎటో తేలిపోతున్నట్టుంది. తేజస్విని నిద్రమత్తులో నా భుజం మీద వాలింది. బాబ్జీ దాని కాలి చెప్పు జారిపోకుండా వేలితో పట్టుకుని కూర్చున్నాడు. అంతకన్నా దగ్గరికి జరగడానికి వాడికి ధైర్యం చాల్లేదు.

రేవులో నీళ్ళూ ఆకాశమూ ఒకటే తెలుపు. బోట్లు గాలిలో నిలబడ్డట్టున్నాయి.

"మాట్లాడరా!" అని వాడిని గిల్లాను.

"చలేస్తోందామ్మా?" అన్నాడు మా వీరుడు.

"లేదండీ."

అప్పుడే బాబ్జీ స్నేహితుడు దుర్గారావు చేపల వేటకి బయల్దేరాడు. అతని చిన్నకొడుకు "నాన్నా" అంటూ వెంటపడబోతే తల్లి చటుక్కున ఎత్తుకుని నోరు మూసేసింది. "పిలవకూడదురా! నాన్న వెనక్కి చూడకూడదు." దుర్గారావుకి అంతా వినబడుతూనే ఉంది. మెడ బిగబట్టుకుని బోటెక్కాడు. బోటు మెల్లగా మంచులో కలిసిపోయింది. ఇంజను చప్పుడు మాత్రం ఎక్కడినుంచో చాలాసేపు వచ్చింది.

తేజస్వినికి మత్తు వదిలింది. "అత్తా, ఎందుకు చూడకూడదు?"

"వేటకెళ్ళేవాడు వెనక్కి చూస్తే సముద్రం వాణ్ణి ఉంచేసుకుంటుందని మా భయం తల్లీ. చూడకుండా వెళ్ళినవాడు క్షేమంగా ఇంటికొస్తాడు. అందుకే ఎంత ప్రాణం కొట్టుకున్నా చూడరు."

పిల్ల మంచులోకి చూస్తూ నిలబడిపోయింది. తర్వాత వాళ్ళ నాన్న వైపు తిరిగింది.

"ఆ రోజు నేను పిలిచాను. పరిగెత్తుకుంటూ వచ్చి మరీ పిలిచాను. మీరు చూడలేదు. నేనంటే ఇష్టం లేకే చూడలేదని అమ్మ చెప్పింది."

ఆ రోజు నాకూ గుర్తే. పిల్ల అప్పుడు మరీ చిన్నది. వీడు వేటకి వెళ్ళిన పొద్దునే మాధవీలత పెట్టె సర్దుకుంది. వీడు సముద్రం మీంచి వచ్చేసరికి ఇల్లు ఖాళీ. మా రేవు పద్ధతి గుడివాడ నుంచి వచ్చిన మరదలికి తెలియదో, తెలిసే అలా చెప్పిందో నాకిప్పటికీ అంతుపట్టదు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. పిల్ల ముందు అనవలసిన మాట కాదు.

"వినబడిందమ్మా," అన్నాడు బాబ్జీ. "వేటలో ఉన్నన్నాళ్ళూ నాకదే వినబడింది. ఇంటికొచ్చి నిన్నెత్తుకుందామనే చూడలేదు."

పిల్ల వాడి చొక్కా అంచు పట్టుకుంది. ఆటో ఎక్కాక కూడా వదల్లేదు.

బస్టాండుకి వచ్చేసరికి ఎండ కాసింది. కాస్త దూరంలో గుడివాడ బస్సు దగ్గర మాధవీలత నిలబడి ఉంది. ప్రతివారం పిల్ల తల్లి దగ్గరికి వెళ్తూ సగందూరంలో ఆగి, వెనక్కి తిరిగి, మర్యాదగా మాకు చెయ్యి ఊపేది. వీడు "తేజూ, జాగ్రత్తమ్మా!" అని అరిచేవాడు. ఈసారి కదలబోతూ వాడిని వంగమని సైగ చేసింది.

"నాన్నా, నేను వెళ్తుంటే పిలవకు."

వెళ్ళింది. మెడ బిగబట్టుకుని, జడలైనా కదలనివ్వకుండా నడిచి బస్సెక్కింది. ఎక్కడా ఆగలేదు, వెనక్కి చూడలేదు. వీడెక్కడ పిలిచేస్తాడోనని వీడి నోటికి నా చెయ్యి అడ్డం పెట్టాను. చెయ్యంతా తడిసిపోయింది.