నిండు మనిషి లెక్క

చిన్నకోడలి తెల్లకోటు కాలరుకి పెద్దకోడలు సబ్బు రుద్దుతుండగా హాల్లోంచి అత్తగారి మాట వినిపించింది.

"చూడరా చిన్నదాన్ని, ఒక్కతే ఆఫీసుకెళ్ళి నీళ్ళ డబ్బులు వెనక్కి తెచ్చుకుంది. తెలివంటే అదీ."

కాలరు మీద బ్రష్షు కాస్త గట్టిగానే పడింది.

ఆ వీధిలో ఏ ఇంటికీ నీళ్ళ మీటరు లేదు. నీళ్ళాఫీసువాళ్ళు మనుషుల్ని బట్టి బిల్లు వేస్తారు. పగలంతా ఇంట్లో ఉండేవాళ్ళు వాళ్ళ భాషలో నిండు మనుషులు, ఉద్యోగాలకెళ్ళేవాళ్ళు సగం మనుషులు; పసిపిల్లలూ, ముసలివాళ్ళూ లెక్కలోకి రారు. పై వాటాలో మరిదీ, చిన్నకోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులే అయినా ఇన్నాళ్ళూ నిండు మనుషుల కిందే బిల్లు పడుతోంది. ల్యాబులో పనిచేసే చిన్నకోడలు అది కనిపెట్టి, అర్జీ పెట్టి, ఎక్కువ కట్టిందంతా రాబట్టింది.

ఆ మాట ఇంట్లోకి వచ్చినరోజే కింద వాటాలో పెద్దకోడలి భర్త నవ్వాడు. "అయితే మనింట్లో నిండు మనిషివి నువ్వేనోయ్."

"బయట అనకురా, ఈ వయసులో కడుపుతో ఉందనుకుంటారు," అంది అత్తగారు. అందరూ నవ్వారు. చిన్నకోడలూ నవ్వింది.

ఆ నవ్వే ఇప్పటికీ గుచ్చుకుంటోంది. డబ్బు వచ్చినందుకు కాదు పెద్దకోడలి కుళ్ళు. గడప దాటేటప్పుడు చిన్నకోడలి చెప్పులు చేసే చప్పుడు విని కుళ్ళు. సాయంత్రం రాగానే మరిది టీ కప్పు అందిస్తాడే, అది చూసి కుళ్ళు. ఆమె తలనొప్పంటే ఇల్లంతా గొంతు తగ్గిస్తుంది. తను తలనొప్పంటే, "ఇంట్లోనే ఉన్నావుగా, ఎందుకొచ్చింది?" అంటారు. ఆమె అలసటకి కూడా మర్యాద ఉంది. ఇంత కుళ్ళుకుంటున్నా ఆమె కోటు తళతళలాడేదాకా ఉతకడం మానలేకపోవడం ఇంకా మంట.

"నువ్వూ వెళ్ళి అడుగు," అన్నాడు భర్త. "కుట్టుపనికి వెళ్తున్నానని చెప్పు. ఎవడొచ్చి చూస్తాడు? సగానికి దింపి, మన డబ్బూ వెనక్కిస్తారు."

మంచి చీర కట్టుకుని వెళ్ళింది. దారంతా ఆ అబద్ధాన్నే వల్లెవేసుకుంది. అక్కడ చిన్నకోడల్ని మేడమ్ అన్నారట. తనని మాత్రం గుమాస్తా, "ఏంటమ్మా?" అన్నాడు.

విషయం చెప్పింది. "పగలు పనికెళ్తారా, ఇంట్లోనే ఉంటారా?" అడిగాడు. అబద్ధం గొంతు దాకా వచ్చి ఆగింది. అతను తలెత్తకుండానే, "ఏ పనీ లేకుండా ఇంట్లో ఉంటే నిండే వేస్తామమ్మా," అన్నాడు.

"పని లేకపోతే అన్ని నీళ్ళెందుకవుతాయండీ?"

అప్పుడు తలెత్తాడు.

"మా పై వాటాలో ఇద్దర్ని సగం చేశారు కదా. వాళ్ళ బట్టలుతికేది, గిన్నెలు తోమేది కింద, నా కుళాయి దగ్గర, నేనే. వాళ్ళ మిగతా సగాలు మా ఇంట్లో ఉన్నాయి."

అతనికి నవ్వాలో వద్దో తెలియలేదు. పక్క బల్ల దగ్గరున్న ఆఫీసరమ్మ మాత్రం నవ్వలేదు. "అలాగైతే ఆ వాడకం పై వాటా బిల్లులోకి మారుస్తాం. మీరు ఎక్కువ కట్టింది మీకిచ్చేస్తాం," అంది. "కానీ ఆ పనంతా మీరే చేస్తున్నారని రెండు వాటాలవాళ్ళూ సంతకాలు పెట్టాలి."

రాత్రి భోజనాలకి అందరూ కిందే చేరారు. కంచాలు పెట్టాల్సిన చోట కాగితం పెట్టింది.

"మతిపోయిందా?" అన్నాడు భర్త. "సగానికి దింపించుకు రమ్మంటే, తమ్ముడి దగ్గర గుంజుతావా?"

"ఇంటి పనికి సాక్షి సంతకాలా? విడ్డూరం," అంది అత్తగారు.

మరిది ఫోనులోకి చూస్తూ, "వదినా, నువ్వు ఇష్టంగానే చేస్తున్నావనుకున్నాం," అన్నాడు.

"ఎప్పుడన్నా అడిగారా?"

"పోనీ, ఆ డబ్బేదో నేనిస్తాలే. ఈ కాగితాలెందుకు?"

"డబ్బూ కావాలి. సంతకాలూ కావాలి."

చిన్నకోడలే కాగితం దగ్గరికి లాక్కుని, మొత్తం చదివింది. "అక్కా, బట్టలు, గిన్నెలు రాశావు. పగలు నీ దగ్గరుండే మా పాప స్నానం మర్చిపోయావు," అని తన చేత్తోనే ఆ ముక్క చేర్చి, కింద సంతకం పెట్టింది.

కళ్ళు చెమర్చాలి నిజానికి. పెద్దకోడలికి మాత్రం ముందు కుళ్ళే వచ్చింది. ఒప్పుకోవడం కూడా ఎంత దర్జాగా చేతనైంది ఈమెకి! పోగొట్టుకున్నా లోటు లేనివాళ్ళ చెయ్యి అలాగే ఆడుతుందేమో. తనకీ ఎప్పటికైనా అంత తేలిగ్గా సంతకం పెట్టే చెయ్యి కావాలనిపించింది.

పెన్ను తీసుకుని భర్త ముందుకి జరిపి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

అతను కాగితం వంక చూడకుండా, "ఆకలేస్తోంది. వడ్డించవా?" అన్నాడు.

"సంతకమయ్యాక," అంది.