ఐదువేల లోపు

వెర్నా ఎర్ర పెన్సిల్ చెక్కి, పొట్టును అరచేతిలోకి దులిపి చెత్తబుట్టలో వేసింది. ఇరవై ఆరేళ్ళుగా ఆమెకు పొద్దు ఇలాగే మొదలవుతోంది. కరెంటు కంపెనీ చూపించే ఖర్చుల్లో ఏవి జనం బిల్లులో వేయవచ్చో చూడటం ప్రభుత్వ ఆఫీసులో ఆమె ఉద్యోగం. వేయవచ్చంటే టిక్కు, కూడదంటే అడ్డగీత. పొట్టి మనిషి, ముందుకు వంగిన మెడ, మోచేతుల దగ్గర అరిగిన బూడిదరంగు స్వెట్టరు. న్యూఇంగ్లండ్ చలికి వేళ్ళ కణుపులు ఎర్రగా ఉబ్బి ఉంటాయి.

ఆ ఆఫీసులో ఒక పాత ఆనవాయితీ ఉండేది. ఐదువేల డాలర్ల లోపు ఖర్చుకు రసీదు అడగరు. ఈ ఏడాది కొత్త చట్టం వచ్చింది. ప్రకటనలు, నాయకులకు విందులు, క్లబ్బు చందాలు కంపెనీ తన లాభంలోంచే పెట్టుకోవాలి, జనం మీద రుద్దకూడదు. దాంతో రసీదులన్నీ బయటికి రాక తప్పలేదు. "ప్రజా అవగాహన" పేరుతో నాలుగువేల తొమ్మిదివందల చొప్పున, ఏళ్ళ తరబడి ఆమె టిక్కు పెట్టినవన్నీ పేపరు ప్రకటనలే. రేట్లు పెంచడం ఎంత మంచిదో చెప్పే ప్రకటనలు! ఎంత సిగ్గుచేటు!

అక్క ఆర్డిత్ ఎప్పుడో పసిగట్టింది. బిల్లు వచ్చినప్పుడల్లా బీన్స్ గిన్నె పక్కకు జరిపి నిలదీసేది.

"ఒసే వెర్నా, వీళ్ళ డప్పు వీళ్ళు కొట్టుకోడానికి డబ్బులు నా దగ్గర గుంజుతున్నారా ఏంటే?"

"నీదంతా అనుమానం అక్కా. నేను చూశాగా, అంతా సరిగ్గానే ఉంది."

ఆ మాట ఎన్నిసార్లు అన్నదో తలుచుకుంటే ఇప్పుడు తల కొట్టేసినట్టుంది. ఆర్డిత్ మంచం పట్టి నెలయింది. ఇక కొద్ది రోజులేనని నర్సు చెప్పింది. నువ్వన్నదే నిజమని అక్కతో చెప్పాలి. నిన్ననే చెప్పేసేదే. ఆ పద్దులు కొట్టేయించి మరీ చెబుదామని ఆగింది.

రెండింటికి ఆ ప్రకటనల ఖర్చుల మీద విచారణ మొదలైంది. కంపెనీ వకీలు నవ్వుతూ లేచాడు.

"ఇన్నేళ్ళూ వీటికి టిక్కు పెట్టింది తమరే కదండీ?"

"నేనేనండి. రసీదు చూడకుండా పెట్టాను. తప్పు నాదే."

నాలుగు దాటాక ఈ ఏటి పద్దులన్నీ కొట్టేశారు. బయటికి వస్తూ వెర్నా పై అధికారి క్లైడ్‌ను ఆపింది.

"మరి పాత ఏళ్ళవి?"

"కట్టేసిన బిల్లులు తిరగదోడే రూలు మనకు లేదమ్మా. పోయింది పోయినట్టే."

కారు మీది మంచు గీకి, ఎక్కడా ఆగకుండా అక్క ఇంటికి వెళ్ళింది. పక్కింటి లియోనా తలుపు తీసింది.

"మూడింటికమ్మా. నిద్రలోనే పోయింది. పొద్దున నువ్వొచ్చావా అని అడిగింది."

వెర్నా అక్క చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చెప్పాల్సిన మాట చెప్పింది కూడా. విన్నవాళ్ళు ఎవరూ లేరు.

తర్వాత వంటగదిలో, అక్క కాగితాల కోసం బిస్కెట్ల డబ్బా మూత తీసింది. కరెంటు బిల్లులు ఏడాది వారీగా, రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. ఒక్కొక్క బిల్లు మూలనా ఆర్డిత్ వంకర అక్షరాలు: "వెర్నా చూసింది. కట్టేయాలి."