కాందా వాన

పొద్దున్నే హతనాక వాళ్ల రికార్డుల కొట్టు ముందు కమలాపండ్ల పెట్టె బోర్లించి, దానిమీదెక్కి పాడటం రిత్సుకో పని. కొత్త రికార్డు వచ్చిందంటే పాడినవాళ్లు అలా కొట్టు కొట్టుకీ తిరగాల్సిందే. ఒకరిద్దరు ఆగి వింటే అదే పదివేలు.

ఆగితేగా! ఆ పాటనే, ఆ వారమే, ఇంకో కంపెనీ చిజురు అనే కొత్త పిల్ల చేత పాడించి వదిలింది. టోక్యోలో అది మామూలే. కాందా వీధిలో వాన పడుతుంటే రానివాడి కోసం నిలబడ్డ ఆడదాని పాట. చిజురు రికార్డు పెడితే పెట్టిన చోటే, ఇంటికప్పు కిందే, నిజంగా వాన కురిసేది. కాఫీ హోటళ్లవాళ్లు గొడుగుల స్టాండు లోపలికి జరుపుకున్నారు, అంతే. జనం గొడుగుల కింద కాఫీ తాగుతూ హాయిగా ఏడ్చేవాళ్లు.

రిత్సుకో రికార్డుకి చుక్క రాలలేదు.

"కాందాలో పుట్టి పెరిగినదాన్ని నేను. నిన్నగాక మొన్న ఎక్కడో ఉత్తరాన అకితా మంచులోంచి రైలు దిగిన పిల్లకి మా వీధి వానేం తెలుసు నాన్నా?"

తండ్రి తన కొట్లో సోయా పాల తోఫు ముక్కలు కోస్తూనే, ఇది కూడా పోతే కంపెనీ నిన్ను వదిలేస్తుందన్నావుగా, కత్తి పట్టడం మర్చిపోలేదు కదా అని అడిగాడు. రిత్సుకోకి ఒళ్లు మండిపోయింది. తిన్నగా గుడికెళ్లి, అక్కడి ఆచారంగా రెండు చప్పట్లు కొట్టి, చిజురు గొంతు పడిపోవాలని మొక్కుకుంది. ఇంటికొచ్చాక సిగ్గేసింది. మర్నాడు మళ్లీ వెళ్లి మొక్కుకుంది.

ఇంతలో జూన్ ముసురు పట్టింది. గోడలకి బూజు, తాడుమీద ఆరని బట్టలు. చిజురు రికార్డులు అయిపోయి, కూరల కొట్టావిడ రిత్సుకోది పట్టుకెళ్లింది. పాట అయ్యేలోపు పసివాడి గుడ్డలన్నీ ఆరి పెళపెళలాడాయి. ఆ మాట పేటంతా పాకింది. రికార్డులు ఒక్కటీ మిగల్లేదు. కంపెనీ రిత్సుకోని అట్టేపెట్టుకుంది.

అయినా ఆమె కడుపుమంట చల్లారలేదు. దాని పాటకి గుండె తడుస్తుంది, నా పాటకి పిల్లాడి గుడ్డలు ఆరతాయి అని కుమిలిపోయింది.

ఒకరోజు పెట్టె మీద నిలబడేసరికి ఎదురుగా చిజురు. నెత్తిమీంచి నీళ్లు కారుతున్నాయి. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది.

"అక్కా, పాట సాధన చేస్తే గదిలో వాన. పరుపు ఆరి నెలయింది. ఇలాగే ఉంటే గొంతు పోతుంది, ఊరెళ్లిపొమ్మన్నాడు డాక్టరు. నీ రికార్డు ఎక్కడా దొరకలేదు. ఒక్కసారి పాడవా?"

మొక్కు ఫలించబోతోంది. నోరు మూసుకుని నిలబడితే చాలు, వారం తిరక్కుండా ఈ పిల్ల అకితా రైలెక్కుతుంది. రిత్సుకో నిజంగానే నోరు మూసుకుంది కాసేపు. చిజురు వణుకుతూనే ఉంది, కదల్లేదు.

పాపిష్టిదాన్ని, అనుకుని రిత్సుకో పాడింది. రెండో చరణానికి చిజురు జుట్టు ఆరింది, మూడోదానికి దగ్గు తగ్గింది. పాట అయిపోయింది. చిజురు వెళ్లలేదు.

"ఇంకోసారి పాడక్కా."

"ఆరిపోయావుగా. ఇంకెందుకే?"

"ఇందాక చలికి సరిగ్గా వినలేదు. ఇప్పుడు వింటాను."

రిత్సుకో పెట్టె దిగబోయినదల్లా ఆగింది. మళ్లీ మొదటి మాట నుంచి ఎత్తుకుంది.