కార్డు లేని బిందె

ఫిల్టర్ నీళ్ల ప్లాంటు ముందు ఆ పొద్దున ఏం జరిగిందో కళ్లారా చూసినవాళ్లం చెబుతున్నాం, వినండి. కౌసల్య బిందె పట్టుకుని క్యూలో నిలబడింది. ఆమె వంతు వచ్చింది. బిందె సగం నిండాక సూపర్‌వైజర్ చంద్రకాంత్ వచ్చి, "కార్డేది?" అన్నాడు. లేదంది. అంతే, బిందెను కాలితో తోశాడు. తియ్యటి నీళ్లు సిమెంటు మీద పారి మురిక్కాలువలో కలిశాయి.

"పసిపోరనికి పాలు కలపాలె సారూ. నా బిడ్డ బాలింత. దానికి పాలు పడ్తలేవు," అంది కౌసల్య.

"మీ ఊర్ల బోరింగు లేదా?"

"గా నీళ్లు పోస్తే డబ్బా పాలు ఇరుగుతున్నయి. నీకు తెల్వదా?"

"నాకు తెలిసింది కార్డొక్కటే. జరుగు, జరుగు!"

క్యూలో వెనకే ఉన్న కాలనీ బుల్లెమ్మ తల దించుకుంది. తన క్యాన్ నింపుకుని, కౌసల్య వైపు చూడకుండా వెళ్లిపోయింది.

ఇస్నాపూర్ దాటి లోపలికి వస్తే రాళ్లకుంట. రోడ్డుకు ఇటు పాత ఊరు, అటు కాలనీ. కంపెనీ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు గోదావరి వైపు నుంచి వచ్చి పర్మినెంటు అయినవాళ్లు కాలనీలో ఉంటారు. పొలాలు ఫ్యాక్టరీకి పోయి, అదే గేటు ముందు రోజుకూలీకి నిలబడేవాళ్లు ఊళ్లో ఉంటారు. వాగు పాడైందని గొడవ మొదలవగానే కంపెనీ ఈ ప్లాంటు కట్టింది, కార్డులు మాత్రం కాలనీకే ఇచ్చింది. పైగా ఒక రూలు పెట్టింది: ఊరివాళ్లకు ఒక్క చెంబు పోసినా ఆ ఇంటి కార్డు రద్దు!

ఇక చూడండి కుళ్లు! బుల్లెమ్మ దండెం మీద తెల్ల చీర తెల్లగానే ఆరుతుంది. కౌసల్యది పసుపురంగు తిరుగుతుంది. బుల్లెమ్మ ఇంట్లో పప్పు మెత్తగా ఉడుకుతుంది. చాయ్ విరగదు. బుల్లెమ్మ జడ ఇంకా లావుగా ఉంది. ఆ ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు చాయ్ వాసన తగిలినా కౌసల్యకు కడుపు మండేది.

ఆ సాయంత్రమే మా విద్యార్థి సంఘం ఊళ్లో మీటింగు పెట్టింది. ముందురోజే హైదరాబాద్ నుంచి ఆటోలో డ్రమ్ములు, ఇసుక, బొగ్గు మోసుకొచ్చాం. ఇసుక మట్టిని ఆపుతుంది, కాచితే క్రిములు చస్తాయి, కానీ కంపెనీ వదిలే ఉప్పులు, మందులు దీంతో పోవు అని ఉన్నదున్నట్టు చెప్పాం.

"బొగ్గుతోని పండ్లు తోముకుంటం గని, నీళ్లు తాగుమంటరేందిరా!" అంది ముసలి ముత్యమ్మ. అందరూ నవ్వారు.

కౌసల్య నవ్వలేదు. లేచి నిలబడింది. "మీ పట్నంల నల్లా తిప్పితే మంజీర నీళ్లు. గా పైపు మా కాళ్ల కిందికెల్లే పోతది. కాలనీవోళ్లకు కంపెనీ నీళ్లు. మాకేమో ఈ బొగ్గు డబ్బానా?"

"కలెక్టర్ దగ్గరికి పోదాం," అన్నాడు ఆమె భర్త లింగం.

"పో, పో! నువ్వు పొయ్యొచ్చేటాలకు పోరడు పెండ్లికొస్తడు. నేనొక్కటే జెప్తున్న. మనకు లేనిది వాళ్లకెందుకు? ప్లాంటు పలగ్గొడదాం!"

"అవ్, పలగ్గొడదాం!" అని జనం గర్జించారు.

మేం అడ్డం పడ్డాం. కాలనీ వాళ్లూ కార్మికులే అక్కా, శత్రువు కంపెనీ గోడ వెనకాల ఉన్నాడు అక్కా, అని గొంతు చించుకున్నాం.

"శత్రువో గిత్రువో నాకెర్క లేదు. వాళ్ల పప్పు ఉడుకుతది, మా పప్పు ఉడుకుతలేదు!"

తెల్లారగానే ఊరు ఊరంతా గడ్డపారలతో ప్లాంటు మీదికి కదిలింది. తలుపుకు అడ్డంగా బుల్లెమ్మ, ఆమె వెనక కాలనీ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు.

"పగలగొడతావా? ఏదీ కొట్టు, చూస్తాను!" అంది బుల్లెమ్మ. "మీకు ఊరుంది, పొలముంది, బావి ఉంది. మాకేముంది? ఇన్నేళ్లయినా మీ నోట ఆంధ్రోళ్లమేగా! ఈ క్యాన్ నీళ్లొక్కటే మాది."

"పొలమా? కంపెనీ గోడలోపట ఉంది, పొయ్యి సూసి రాపో!"

"నీకు నా నీళ్ల మీద కుళ్లు!"

"అవ్, కుళ్లే! నా మనుమడు గుక్కపట్టి ఏడుస్తుంటే నీ ఇంట్ల చాయ్ మరుగుతది. కుళ్లు రాదా?"

"నాకు మాత్రం లేదా? పొద్దుగూకితే మీ అరుగుల మీద పదిమంది చేరి పకపకా నవ్వుతారు. ఒక్కనాడైనా 'రా బుల్లెమ్మా, కూర్చో' అన్నావా?"

 కౌసల్య పళ్లు బిగించి గోడ వెంట ఉన్న నీలం పైపు మీదికి గడ్డపార ఎత్తింది.

"అది కాదు కౌసల్యత్తా! కొడితే ఈ నల్లది కొట్టు."

ప్లాంటు నడిపే పవన్‌కుమార్, బుల్లెమ్మ కొడుకే, లోపలి నుంచి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"నీలంది మీ బావిలోంచి నీళ్లు తెస్తుంది. మంచి నీళ్లు క్యాన్లకు పోతాయి. మిగిలిన చేదంతా ఈ నల్ల పైపులో తిరిగి మీ బావిలోకే పోతుంది."

లింగం నోరు తెరిచాడు. "గార్డెన్ల చెట్లకు పెడ్తమని గద కంపెనీవోళ్లు మన బాయి కిరాయికి తీసుకుండ్రు! చుట్టు రేకులు కొట్టి తాళమేసిండ్రు..."

ఆ రేకుల పక్కనే ఊరి బోరింగు. వాగులో కంపెనీ వదిలిన విషం బావిలోకి దిగుతుంది, ప్లాంటు ఆ విషాన్ని చిక్కబరిచి మళ్లీ అక్కడే పోస్తుంది, బోరింగు అదే తాగి ఊరికి పోస్తుంది! విన్నారా మిత్రులారా, ఊరి నీళ్లే తోడి కాలనీకి దానం చేసి, ఎంగిలి ఊరికి వదిలారు!

"తెలిసే ఊరుకున్నావా?" అంది బుల్లెమ్మ కొడుకుతో.

"ఉద్యోగం పోతుందని అమ్మా. ఇక ఇది కూడా ఎన్నాళ్లో నడవదు. బావి చేదెక్కుతుంటే ఫిల్టర్లు తట్టుకోవట్లేదు. రేపు మనకూ ఇవే నీళ్లు."

 బుల్లెమ్మ వంగి తన క్యాన్ ఎత్తింది. తెచ్చి కౌసల్య చంకలో పెట్టింది.

"తీస్కో. పిల్లాడికి పాలు కలుపు ముందు."

చంద్రకాంత్ పరుగెత్తుకొచ్చాడు. "బుల్లెమ్మా! నీ కార్డు క్యాన్సిల్!"

"చేసుకోరా!" అని కార్డు అతని మొహాన కొట్టింది. వెనకే ఇంకో కార్డు పడింది. ఇంకోటి. కాలనీ కార్డులన్నీ చంద్రకాంత్ బూట్ల మీద రాలాయి.

కౌసల్య క్యాన్‌ను పవన్‌కుమార్‌కు ఇచ్చి ఇంటికి, బాలింత కూతురు నిషిత దగ్గరికి పంపింది. ఒక్క దెబ్బకు నల్ల పైపు పగిలింది.

"ఇది తోక. తలకాయ వాగు కాడున్నది. నడువుండ్రి!"

ఊరూ కాలనీ కలిసి వాగు గట్టుకు పరుగు తీశాయి. కంపెనీ గోడ కింద పెద్ద సిమెంటు గొట్టం పసుపుపచ్చ నీళ్లు కక్కుతోంది. ఫిల్టర్ డ్రమ్ముల కోసం మేం తెచ్చిన ఇసుక బస్తాల్లోకి వెళ్లింది. మొదటి బస్తా కౌసల్య వేసింది, రెండోది బుల్లెమ్మ. ఆ తర్వాత ఎవరు వేశారో లెక్కలేదు. గొట్టం మూసుకుపోయింది. కాసేపటికి గోడ లోపల కేకలు! కంపెనీ నీళ్లు కంపెనీలోకే ఎదురు తన్నాయి. మేనేజర్ కారు చక్రాలు ఆ పసుపు నీళ్లలో మునిగాయి. ఆ కంపుకు ఆఫీసు ఆఫీసంతా ముక్కు మూసుకుని బయటికి ఉరికింది.

"పీల్చుండ్రి సార్లూ, పీల్చుండ్రి! మేం రోజూ పీలుస్తం!" అంది ముత్యమ్మ.

పోలీసు వ్యాన్ వచ్చింది. "గొట్టం మూసిందెవరు?" అన్నాడు ఎస్సై.

"నేనే," అని బుల్లెమ్మ వ్యాన్ మెట్టు మీద కాలు పెట్టింది.

కౌసల్య ఆమె కొంగు పట్టి వెనక్కి గుంజింది. "అబద్ధం సారూ! మొదటి బస్తా నాది. ఈమెది రెండోది. నీకు అన్నీ ముందే కావాలె బుల్లెమ్మా! నీళ్లు ముందే, వ్యాన్ కూడ ముందేనా?"

"ఓసి నీ కుళ్లు తగలెయ్య! ఎక్కు, నువ్వే ఎక్కు!"

ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు. లింగం ఎక్కాడు. కాలనీ వాళ్లు ఎక్కుతుంటే ఊరివాళ్లు, ఊరివాళ్లు ఎక్కుతుంటే కాలనీ వాళ్లు ఎగబడ్డారు. వ్యాన్ చాలలేదు. కానిస్టేబుళ్లు తలుపు మూయలేక తిట్టుకున్నారు. ఎలాగో మూసి తీసుకుపోయారు.

దుమ్ము సర్దుకుంది. నిషిత బిడ్డను ఎత్తుకుని గట్టు మీదికి వచ్చింది. తెల్లటి పాలు తాగిన పెదవులతో పసివాడు నిద్రపోతున్నాడు. గట్టు మీద మిగిలిపోయిన జనం మొహాలు మాడ్చుకుని వ్యాన్ వెళ్లిన దారినే చూస్తున్నారు.

"వాళ్ల పేర్లే పేపర్ల వస్తయా? మనమేం పాపం చేసినం?" అంది ముత్యమ్మ నడుముకు కొంగు బిగించి. "వాళ్లు ఒక్క వరుసే ఏసిండ్రు. తేండ్రి బస్తాలు. మనం రెండు వరుసలేద్దాం!"