రెండు తెరల మీద ఒకే మనిషి

మహానవమి నాటి మధ్యాహ్నం ఒకే మనిషి ఒకే క్షణంలో రెండు గేట్లలోంచి బయటికి నడిచి వెళ్లడం నేను చూశాను. కలలో కాదు. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల కంట్రోల్ రూములో, కుర్చీలో కూర్చుని, చేతిలో పులిహోర పొట్లం పట్టుకుని చూశాను.

ఆ మనిషి సోమేశ్వరరావు సార్. మూడో అంతస్తులో ఉంటారు. గోదావరి కాలువల మీద, పడవల కోసం నీళ్ల తలుపులు తీసి మూసే లాకుల దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఇప్పుడు మతిమరుపు జబ్బు. కూతురి పేరు గుర్తుండదు గానీ డ్యూటీకి వెళ్లాలన్న సంగతి మాత్రం మరిచిపోరు. ఎవరూ చూడనప్పుడు చొక్కా తొడుక్కుని, గొడుగు పట్టుకుని లిఫ్టు ఎక్కేస్తారు. ఒకసారి అలాగే పోయి కొత్తగూడ ఫ్లైఓవర్ మీద కార్ల మధ్య నిలబడిపోయారు. బస్సు డ్రైవరెవరో దిగి పక్కకు తప్పించాడు గనక బతికారు.

ఆయన భార్య జయలక్ష్మమ్మ గారు. నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. మా ఆయన పోయాక నేను ఇక్కడ ఊడ్చే పనిలో చేరాను. మధ్యాహ్నాలు సార్ పడుకున్నాక ఆవిడ నన్ను భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి పాత పేపర్ల అంచుల మీద రాయించేవారు. చదవడం వచ్చిందని తెలిశాకే అసోసియేషన్ వాళ్లు నన్ను కంట్రోల్ రూముకు మార్చారు. ఆ రోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒకే మాట అడిగారు.

"ఈశ్వరమ్మా, ఆయన గేటు దాటకుండా చూడవే. నాకింకేమీ వద్దు."

చూస్తానని చెప్పాను.

కంట్రోల్ రూము అంటే క్లబ్ హౌసు పక్కన చిన్న గది. అందులో ఒక పాత కంప్యూటరు, రెండు తెరలు. మూలన పడి ఉన్న ఆ కంప్యూటరును ఐదో అంతస్తు మధుసూదన్ సార్ బాగుచేసి లైనెక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. "ఇది ఏ కంపెనీ సొత్తూ కాదమ్మా. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసిపెట్టారు, ఎవరైనా వాడుకోవచ్చు," అని చెప్పారు. ఎడమ తెర మీద ముందు గేటు, కుడి తెర మీద వెనక గేటు కనిపించేలా అమర్చారు.

మా బిల్డరు రెండు గేట్లనూ ఒకే అచ్చులో పోసినట్టు కట్టాడు. అదే కమాను, అదే పైకి లేచే అడ్డకర్ర, అవే రెండు పూలకుండీలు. వాచ్‌మన్ కూర్చునే గది కెమెరాకు అందదు. తెర అడుగున ఇంగ్లీషులో పేర్లు పడతాయి గానీ నాకు ఇంగ్లీషు రాదు. అందుకని తెల్ల కాగితం మీద "ముందు గేటు", "వెనక గేటు" అని స్కెచ్ పెన్నుతో రాసి, తెరల పైఅంచున అంటించాను. జయలక్ష్మమ్మ గారు వచ్చి చూసి, 'ట' పక్కన కొమ్ము ఇంకాస్త సాగదీయమన్నారు. సాగదీశాను.

ముందు గేటు దాటితే పెద్ద రోడ్డు. వెనక గేటు దాటితే సన్నని గల్లీ, దానికి అవతల కొత్త టవరు కోసం తవ్వుతున్న సెల్లారు గొయ్యి. రాళ్లు పేల్చి పేల్చి లోతుకు పోయారు. వానలకు సగం దాకా నీళ్లు నిండాయి. చుట్టూ నీలం రేకులు అడ్డం పెట్టారు గానీ లారీలు తిరిగే చోట సందు వదిలేశారు. పని దినాల్లో అక్కడ కూలీలుంటారు, సార్ కనిపిస్తే వెనక్కి తోలుకొస్తారు. నవమి నాడు గల్లీలో పురుగు కూడా లేదు.

ఆ రోజు ఆయుధ పూజ. మా ఆయుధాలంటే చీపుర్లు, మోటారు స్విచ్చుల డబ్బా, జనరేటరు, కంప్యూటరు. ముందు గేటు వాచ్‌మన్ ఎల్లేశం తీగలు పీకి, తెరలు రెండూ తెచ్చి దేవుడి పటం ముందు పెట్టాడు. నేను తుడిచి బొట్లు పెట్టాను.

"అక్కా, మౌసుకు గూడ పెట్టు. అలిగితే నడవదు మల్ల."

"నీ నోటికి పెడత. జర మూస్తవు."

"నా నోరు మూస్తే నీకు పొద్దు పోతదా ఏంది?"

కొబ్బరికాయ కొట్టాక తెరలను తిరిగి బల్ల మీద పెట్టి, వాడే తీగలు గుచ్చాడు. ఒక తెర వెలిగింది. కాసేపటికి రెండోది వెలిగింది. వెలగగానే నడిమధ్యలో ఒక డబ్బా లేచింది. అందులో చిన్న చిన్న బొమ్మలు, కింద ఇంగ్లీషు.

"ఎల్లేశం, ఇదేందో అడుగుతుంది."

"పండుగ పూట ఏమడుగుతదక్కా? మామూలేమో. ఏదో ఒకటి నొక్కు."

"మధు సార్‌కు ఫోన్ చేద్దామా?"

"ఆయన కారు కింద నిమ్మకాయలు పెడుతుండు. ఇప్పుడు పిలిస్తే వచ్చి క్లాసు పీకుతడు. పులిహోర సల్లగైతది. నొక్కరాదు!"

బొమ్మలు చూశాను. ఒకదాంట్లో ఒక తెరే వెలుగుతోంది. ఇంకోదాంట్లో రెండు తెరలు పక్కపక్కన, ఒక్కోటి ఒక్కో రంగు. మరోదాంట్లో రెండు తెరలూ అచ్చం ఒకేలా ఉన్నాయి. మా గేట్లు కూడా అచ్చం ఒకేలా ఉంటాయి కదా. దాన్ని నొక్కాను.

రెండు తెరల మీదా గేట్లు వచ్చాయి. కమాన్లకు కట్టిన బంతిపూల తోరణాలతో సహా.

"చూసినవా? నేను చెప్పలే!" అని ఎల్లేశం తన వాటా పొట్లం పట్టుకుని ముందు గేటుకు వెళ్లిపోయాడు. నేను మైకులో అందరినీ ప్రసాదానికి పిలిచాను. వెనక గేటు వాచ్‌మన్ ఐలయ్య పెద్ద మనిషి, ఆకలికి ఆగలేడు. అతన్ని కూడా రమ్మన్నాను. వచ్చి క్లబ్ హౌసు మెట్ల మీద కూర్చున్నాడు. తెరల ముందు నేనున్నాను కదా అనుకున్నాను.

కుర్చీలో కూర్చుని పొట్లం విప్పాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూ తలెత్తాను.

ముందు గేటు కమాను కింద సోమేశ్వరరావు సార్. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. పొట్లం కింద పడేసి ఫోను అందుకున్నాను. అందుకుంటూ కుడి తెర చూశాను.

వెనక గేటు కమాను కింద కూడా ఆయనే. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు.

ముందు గేటులో ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. వెనక గేటులోనూ మార్చుకున్నారు. ముందు గేటులో అడ్డకర్ర పక్కనుంచి వంగి బయటికి కాలు పెట్టారు. వెనక గేటులోనూ అదే కాలు.

పండుగ పూట అనకూడని మాటే మొదట తోచింది. మనిషి పోయాక రెండు చోట్ల కనిపిస్తాడని మా అత్త చెబుతుండేది. జయలక్ష్మమ్మ గారికి ఏమని చెప్పాలి? ఏ గేటుకని పరిగెత్తాలి? చెయ్యి మాత్రం ఎల్లేశానికి ఫోను కలిపింది.

"ఎల్లేశం! సార్ నీ ముందటి నుంచే పోతుండు. పట్టుకో!"

"ఏ సార్?"

"సోమేశ్వరరావు సార్! గొడుగు! నీ ముందటే ఉన్నడు!"

"ఇక్కడ కుక్క గూడ లేదక్కా. నీకు పులిహోర ఎక్కువైందా ఏంది?"

"నా కండ్ల ముందట కనబడుతుండు రా!"

"నా కండ్ల ముందట లేడు గదా!"

తెర మీద ఉన్నారు. అక్కడ లేరు. నేను ఎడమ తెరకు ముఖం ఆనించినంత దగ్గరికి పోయాను. "ముందు గేటు" అని నా అక్షరాలే, నేను సాగదీసిన కొమ్మే.

"ఎల్లేశం, కమాను కిందికి వచ్చి చెయ్యి లేపు."

"ఎందుకు, ఫోటో తీస్తున్నవా?"

"లేపుమంటే లేపు!"

"లేపిన. ఇగో, రెండు చేతులు లేపిన. సాలా?"

ఎడమ తెర మీద చెయ్యి లేదు. కుడి తెర మీద లేదు. కమాను కింద ఎవరూ లేరు. సార్ కూడా లేరు. రెండు తెరల మీదా ఖాళీ తోరణం ఒక్కలాగే ఊగుతోంది. ముందు గేటు అని రాసి ఉన్న చోట ముందు గేటు లేదు. రెండూ వెనక గేటే.

"ఐలయ్యా!" అని అరుస్తూ పరిగెత్తాను. అతను మెట్ల మీదనుంచి లేచేసరికే నేను అతన్ని దాటిపోయాను. చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలియదు. గేటు దాటి గల్లీలోకి వచ్చేసరికి రేకుల సందులో గొడుగు మొన కనిపించింది.

సార్ గొయ్యి అంచున నిలబడి ఉన్నారు. కాళ్ల ముందు కంకర, ఆ కంకర కింద గాలి. లోపల నీళ్లు పచ్చగా, కదలకుండా ఉన్నాయి. ఆయన ముందుకు వంగి చూస్తున్నారు. ఒక రాయి ఆయన కాలి కింద నుంచి జారింది. అది నీళ్లలో పడిన చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించలేదు.

అరిస్తే ఉలిక్కిపడతారు. మీద పడి లాగితే ఇద్దరం పోతాం. అడుగులో అడుగు వేస్తూ దగ్గరికి జరిగాను. ఆయనే తిరిగి చూడకుండా మాట్లాడారు.

"నీళ్లు ఎక్కడిదాకా వచ్చేశాయో చూశారా? తలుపులు తీయించలేదేం?"

నేను లాకులు ఎప్పుడూ చూసిన దాన్ని కాదు. నోటికి వచ్చింది చెప్పాను.

"తీసినం సార్. రెండూ తీసినం."

ఆయన గిర్రున తిరిగారు. కంకర మళ్లీ జారింది.

"రెండూనా? ఒకేసారా? ఎవడు తీయమన్నాడు మిమ్మల్ని? ఒకటి మూశాకే కదా రెండోది తీయాలి! ఊళ్లు మునిగిపోవూ? పదండి, పదండి!"

అంచు వదిలి నా వైపు నడిచారు. గొడుగుతో నన్ను పక్కకు నెట్టి, నాకంటే ముందు రేకుల సందులోంచి బయటపడ్డారు. అప్పుడు పట్టుకున్నాను ఆయన చెయ్యి. ఐలయ్య వచ్చి రెండో చెయ్యి పట్టుకున్నాడు. దారంతా ఆయన మమ్మల్ని తిడుతూనే ఉన్నారు.

కబురు పంపితే మధుసూదన్ సార్ కుంకుమ చేతులతోనే కంట్రోల్ రూముకు వచ్చి తెరలు చూశారు. "మిర్రర్‌లో పడిందమ్మా. ఒకే బొమ్మను రెండు తెరల మీదా చూపిస్తోంది. వేరువేరుగా కావాలంటే ఆ రెండు రంగుల బొమ్మ నొక్కాలి." నొక్కారు. బొమ్మలను చెరొక తెర మీదికి లాగారు. అంతే.

"అంటే ఇందాకటి సంది నేనేం చూసిన సార్?"

"వెనక గేటును. రెండుసార్లు."

"మరి ముందు గేటు?"

"దాన్నెవరూ చూడలేదు."

ఆయన మామూలుగానే అన్నారు. నేను మాత్రం మళ్లీ ఎడమ తెర వైపు చూశాను. సోమేశ్వరరావు సార్ ముందు గేటులోంచి వెళ్లి ఉంటే? ఎల్లేశం పొట్లం మీద తల వంచి ఉంటాడు. రెండు తెరల మీదా ఖాళీ తోరణాలు ఊగుతుంటాయి. నేను పులిహోర మొత్తం తినేసి చెయ్యి కడుక్కునే దాన్ని.

జయలక్ష్మమ్మ గారు తడి కొంగుతో పరిగెత్తుకొచ్చారు. సార్ నా కుర్చీలో కూర్చుని గొడుగు ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. ఆవిడ ఆయన తల, భుజాలు, మోకాళ్లు తడిమి చూసి, నేల మీదే కూలబడ్డారు.

"ఇద్దరు కనిపించారమ్మా నాకు. రెండు దిక్కుల పోతుండిరి," అన్నాను.

"నా మొగుణ్ణి ఒక్కణ్ణి కాయలేక చస్తుంటే, ఇద్దర్ని చేశావుటే!" అని ఆవిడ నవ్వబోయారు. ఆ నవ్వు సగంలో ఏడుపయింది.

నేను ఫోను తీసుకున్నాను. "ఎల్లేశం, కమాను కిందికి రా. చెయ్యి లేపు."

"మల్లనా? ఇయ్యాల నా చేతులు ఊడొస్తయి అక్కా."

ఎడమ తెర మీద ఎల్లేశం వచ్చి చెయ్యి లేపాడు. కుడి తెర మీద ఎవరూ లేరు.

"దించాల్నా?" అని ఫోనులో అడుగుతున్నాడు. జయలక్ష్మమ్మ గారు లేచి వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఇద్దరం ఆ ఖాళీ తెరనే చూస్తూ ఉండిపోయాం.