అంచు మీద ఐదు గంట్లు

శారదానది గట్టు తెగి, ఏటి ఒడ్డు వీధుల్లో మంచాలు తేలిన ఏడాది ఇది జరిగింది. అప్పటికి మా వీధిలో సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ, మేం మాత్రం ఏదైనా వరదకు ముందా, వరద తర్వాతా అనే చెప్పుకుంటాం.

నేను అనకాపల్లి బెల్లం మార్కెట్లో నలభై ఏళ్లు కలాసీగా బెల్లం దిమ్మలు మోశాను. మూడో తరగతితో బడి మానేశాను. మాట తక్కువ. నాకున్న సరదా ఒక్కటే, పాత రాగి, ఇత్తడి బిళ్ళలు పోగెయ్యడం. పంచదార మిల్లు గేటు బిళ్ళలు, రైల్వే కూలీల బిళ్ళలు, స్వాతంత్ర్యం వచ్చిన నాడు బడిలో పంచినవి, చర్చి వందేళ్ల పండుగకి పోయించినవి, అన్నీ ఏటికొప్పాక లక్క భరిణెల్లో దాచాను. నా పెళ్లాం మరిడమ్మ వాటిని ముసలాడి గోళీకాయలంటుంది.

మొదటి బిళ్ళ మా నాన్నది. ఆ రోజుల్లో ప్రతి కలాసీ మెడలోనూ అంకె వేసిన ఇత్తడి బిళ్ళ ఉండేది. ఎవణ్ణయినా తప్పు చేశాడని పనిలోంచి తీసేస్తే, మేస్త్రీ ఆ బిళ్ళ అంచుకి ఆకురాయితో ఒక గంటు పెట్టి ఇచ్చేవాడు. గంటు పడిన బిళ్ళ చూస్తే ఏ కొట్టువాళ్లూ గడప ఎక్కనిచ్చేవారు కాదు. మా నాన్న బిళ్ళకి గంటు పడింది, చేయని దొంగతనానికి. ఆయన పోయాక ఆ గంటు నేనే అరగదీసి నున్నగా చేశాను. అప్పట్నుంచి ఏ బిళ్ళ దొరికినా అంచున గంటు ఉంటే ఉండనివ్వను.

వరద తీశాక పాత సామాను కొనే పరదేశి అనే అతని దగ్గరికి గోనెల కొద్దీ బురద సామాను వచ్చింది. అందులో ఒక రాగి బిళ్ళ తీసి నా కోసం పక్కన పెట్టాడు. ఒక వైపు తెల్లదొరల రాజు, రాణి తలలు. పంతొమ్మిది వందల ముప్పై ఏడులో వాళ్ల పట్టాభిషేకం నాడు బడిపిల్లలకి పంచినదని పక్కింటి మేష్టారు చదివి చెప్పారు. అంచున ఐదు గంట్లు ఉన్నాయి. వాటిలో రెంటి మీద అడ్డంగా ఇంకో గీటు. ఐదు గంట్లంటే ఎవడో మరీ దురదృష్టవంతుడే అనుకున్నాను. రెండు రోజులు అరుగు మీద కూర్చుని సన్న ఆకురాయితో అంచంతా దిద్దాను. చింతపండుతో తోమాను. కొత్త కాసులా మెరిసింది.

ఇరవై రోజుల తర్వాత సువార్త అనే ఆమె మా ఇంటికి వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. ఏటి ఒడ్డున వాళ్ల ఇంటి గోడ పడిపోయి, సబ్బవరంలో కూతురు ఫెబా ఇంట్లో ఉంటోందట. వాళ్ల నాన్న కృపానిధి గారి బిళ్ళ ఇనపపెట్టెతో పాటు కొట్టుకుపోయిందని, పరదేశిని అడిగితే నా పేరు చెప్పాడని అంది. బడిపిల్లాడిగా ఉన్నప్పుడు ఆయనకి ఇచ్చిన బిళ్ళట, రాజూ రాణీ ఉన్నది.

నేను భరిణె మూత తీశాను. ఆమె చెయ్యి నేరుగా ఆ బిళ్ళ మీదకే వెళ్లింది. బొమ్మ వైపు చూడనే లేదు. కళ్లు మూసుకుని బొటనవేలితో అంచు చుట్టూ తడిమింది. మళ్ళీ తడిమింది. తర్వాత మెల్లగా భరిణెలో పెట్టేసింది.

"ఇది కాదన్నయ్యా. ఇలాంటిదే గానీ మాది కాదు. మా నాన్న దానికి గంట్లెట్టేడు. పిల్ల పుట్టినప్పుడల్లా ఒక గంటు. పోయిన పిల్లకి దాని మీద అడ్డంగా ఇంకోటి."

నేను భరిణె మూత పెట్టాను.

"మేం ఐదుగురం. మా చెల్లి రాహేలుకి ఫోటో లేదు, సమాధి ఏటి కోతలో పోయింది. నాలుగోవోడికి పేరే లేదు. పేరెట్టేలోపే పోయేడు. ఆడు పుట్టేడని సెప్పడానికి ఆ గంటొక్కటే ఉంది."

మరిడమ్మ ఇచ్చిన టీ తాగి, దొరికితే కబురు పెట్టమని ఫెబా ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్లిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా నేను లేవలేదు.

ఆ బిళ్ళ వాళ్లదని ఇంకెవరూ చెప్పలేరు. ఆమే చెప్పలేకపోయింది. నేను నోరు మూసుకుంటే, ఎక్కడో బురదలో గంట్లతోనే ఉందని ఆమె అనుకుంటుంది. చెబితే ఆ ఆశ కూడా పోతుంది. ఇదే దయ అని నాకు నేను చెప్పుకున్నాను.

మరిడమ్మ గ్లాసులు తీస్తూ ఆగింది.

"రెండ్రోజులు అరుగు మీద అరగదీసింది నువ్వే కదా. నోట్లో బెల్లం దిమ్మెట్టుకున్నావేటి?"

"సెబితే ఏడుత్తాదే."

"మీ నాన్న సెయ్యని తప్పుకి గంటెట్టేరని బతుకంతా కుమిలేవు. నువ్వు సేసిన తప్పు మాత్రం ఆవిడ బురదలో ఎతుక్కోవాలా?"



మర్నాడు పొద్దున్నే ఫెబాకి ఫోన్ చేసి ఇల్లెక్కడో కనుక్కుని, బిళ్ళ, ఆకురాయి గుడ్డలో చుట్టుకుని సబ్బవరం బస్సెక్కాను. ఫెబా ఇంటి ముందు సువార్త బియ్యం ఏరుతోంది. చేట పక్కన బిళ్ళ పెట్టాను.

"ఇది మీదేనమ్మా. గంట్లు నేనే అరగదీసేను."

ఆమె తిట్టలేదు. బిళ్ళ వైపే చూస్తూ, ఎందుకన్నయ్యా అని మాత్రం అడిగింది. నాన్న బిళ్ళ సంగతి చెప్పాను. ఒక్క మనిషితో అన్ని మాటలు నేనెప్పుడూ మాట్లాడలేదు. అంతా విని కళ్లు తుడుచుకుని, చేట పక్కకి జరిపి బిళ్ళ అందుకుంది. రాజు కిరీటం పైన అంచు మీద వేలు పెట్టి, ఇక్కడ నేను, అంది.

ఆకురాయి తీశాను. ఆమె వరసగా ఒక్కొక్కరి చోటూ చూపిస్తూ చెప్పింది. మొదటిది సువార్త. రెండోది దానియేలు. మూడోది రాహేలు, దాని మీద అడ్డగీటు. నాలుగోది పెట్టాను గానీ, దాని మీద అడ్డగీటు గీయబోతే నా చెయ్యి కదల్లేదు. ఆమె నా చేతిలోంచి ఆకురాయి తీసుకుని, ఆ గీటు తానే గీసింది. రాగిపొడి ఊది, ఆకురాయి తిరిగి నా చేతికిచ్చింది.

ఐదోది మార్త. అది నేను పెట్టాను.