ఎర్ర దుమ్ము పట్టిన పాట

"ఆ కిటికీ మూయవే జయా. గాలి తిరిగిందంటే ఆ ప్లేటు మన కొంప ముంచుతుంది," అని భద్రమ్మ పొద్దున్నుంచి కూతురితో నాలుగుసార్లు అంది. అప్పటికి ఆకు కూడా కదలడంలేదు.

అది గ్రామఫోను ప్లేటు, పక్క క్వార్టర్ చక్రధరరావు సారుది. ఆయన చనిపోయిన భార్యకు ప్రాణమైన పాట అందులో ఉంది. స్కూలు వార్షికోత్సవానికి జయ ఆ పాటకే నాట్యం చేస్తుందని, పాట పెట్టెతో సహా ఇచ్చాడు. సాయంత్రానికి తిరిగి ఇవ్వాలి.

జయ మంచినీళ్లకు కుళాయి దగ్గరికి పోయిన పదినిమిషాల్లో గాలి తిరగనే తిరిగింది. వ్యాగన్లకు ఇనుప ఖనిజం నింపే లోడింగు వైపు నుంచి దుమ్ము లేచి, మూయని కిటికీలోంచి గదంతా కమ్మింది. మూత తీసి ఉంచిన పెట్టెలో నల్లటి ప్లేటు ఇటుక రంగుకు వచ్చింది.

"చెప్పానా లేదా," అంటూ భద్రమ్మ తడిగుడ్డ అందుకుంది. గనుల ఊరు బచేలిలో ఇళ్లన్నిటా పూటకోసారి అన్నీ తుడుస్తూనే ఉండాలి, చేతికి అదే అలవాటు.

అంట్లు తోముతున్న సుక్కి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. తక్కిన రోజుల్లో ఆ ఖనిజం దగ్గరే కూలి చేసే మనిషి.

"నలపకక్కా. ఇది దుమ్ము కాదు, రాతిపొడి. కంట్లో పడితే మేము నలుపుతామా? నీళ్లు పోసి జారనిస్తాం. నలిపితే గీత పడుద్ది."

భద్రమ్మ గుడ్డ వదిలేసింది.  

భోజనానికి వచ్చిన మొగుడు ఉప్పలయ్య సంగతి విని, "కుళాయి నీళ్లు వద్దు, మరక కడతాయి," అని తను పనిచేసే గ్యారేజీకి పోయి, బ్యాటరీల్లో పోసే నీళ్ల సీసా తెచ్చాడు.

"బ్యాటరీ నీళ్లా? యాసిడ్ పోసి కరిగిద్దామనా?"

"యాసిడ్ వేరు. ఇది ఉట్టి నీళ్లేనే, మట్టీ సున్నం లేనివి."

"అయితే ముందు మీ చేతిమీద పోసుకోండి."

పోసుకున్నాడు. చెయ్యి చెయ్యిలాగే ఉంది. మొగుడి అరచేయి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాకగానీ ఆమె ఒప్పుకోలేదు.

జయ ప్లేటును అంచులతో నిలబెట్టి పట్టుకుంది. మధ్యన పాట పేరున్న కాగితం తడవకుండా రెండువైపులా స్టీలు గిన్నెలు అదిమింది భద్రమ్మ. సుక్కి సన్నటి ధారగా నీళ్లు వదిలింది. ఎర్రనీళ్లు దిగి తేటనీళ్లు వచ్చాకే, పాత మల్లుగుడ్డతో పాట గీతల వెంట గుండ్రంగా అద్దింది. అడ్డంగా ఒక్కసారీ లాగలేదు.

"పొయ్యి దగ్గర పెడితే తొందరగా ఆరుతుందేమో?" అంది భద్రమ్మ.

"వేడికి వంకర పోతుందని సారు చెప్పారమ్మా," అంది జయ. కంచాల స్టాండులో నీడకు నిలబెట్టారు. లోపలి కవరు బయటికి తీసుకుపోయి విదిలించారు.

"సూది పెట్టి చూద్దామా?" అని జయ అడిగింది.

"వద్దు. ఆ వినేదేదో ఆయన ముందే విందాం. నా గుండె రెండుసార్లు తట్టుకోలేదు."

సాయంత్రం ప్లేటూ పాట పెట్టే పట్టుకుని, భద్రమ్మ జయనీ సుక్కినీ వెంటబెట్టుకు సారు ఇంటికి పోయింది. సుక్కి రానంటే చెయ్యి వదల్లేదు. అంతా చెప్పి, "పాడైతే తప్పు నాది, కిటికీ నా ఇంటిది. బాగుంటే ఆ పుణ్యం సుక్కిది సారూ. ఈ తల్లి నా చెయ్యి పట్టుకోకపోతే నేనే అరగదీసేదాన్ని," అంది.

చక్రధరరావు ప్లేటు వేసి కళ్లు మూసుకున్నాడు. పాట మొదలైంది. భద్రమ్మకు పాట వినబడలేదు, ఎక్కడ గరగరమంటుందోనని చెవులు అక్కడే. పాట అయిపోయింది. సూది ఎత్తి కూర్చున్నాడు. కళ్లజోడు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకోలేదు.

"పాడైందా సారూ?"

 జయ తల్లి కొంగు పట్టుకుంది. వీధిలో షిఫ్టు బస్సు వచ్చి, మనుషుల్ని దించి, పోయింది.

"ట్రంకులో ఇలాంటి ప్లేట్లు ఇంకా పదిహేడున్నాయి," అన్నాడాయన చివరికి, సుక్కి వైపు తిరిగి. "మా ఆవిడ పోయాక మూత తీయలేదు. దుమ్ము పట్టే ఉంటుంది. ఈ ఆదివారం వచ్చి వాటినీ ఇలాగే కడిగిపెడతావామ్మా?"